గగన్‌పహాడ్ క్వారీలో కదలని బుడగలు

శంషాబాద్‌లో ఉండి స్కూబా డైవింగ్ నేర్పుతానంటే మొదట మా ఊరివాళ్లే నమ్మలేదు. "సముద్రం ఏడున్నది, నువ్వేడున్నవ్? రన్‌వే మీద ఈత కొట్టిస్తవా ఏంది?" అని మా బావ ఏ పెళ్లిలో కలిసినా నలుగురి ముందు అడిగేవాడు. నేనూ నలుగురితో పాటే నవ్వేవాణ్ణి. విశాఖ తీరంలో ఓడల అడుగున పాకుడు గీకుతూ, ప్రొపెల్లర్లకు చుట్టుకున్న తాళ్లు కోస్తూ సగం జీవితం గడిపి, చెవులు మొరాయించడం మొదలయ్యాక సొంతూరు చేరాను. ఎయిర్‌పోర్టుకు పోయే దారిలో ఒక ఈత కొలను కిరాయికి తీసుకుని నేర్పడం మొదలుపెట్టాను. అండమాన్‌కు సెలవులకు పోయే సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చేవారు. పోయినేడు అది కూడా మానేశాను.

ఇప్పటికీ ఆ పిల్లల్లో కొందరు ఫోన్ చేసి, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్లలో ఏది కొనాలని అడుగుతారు. ఏది కొన్నా ఒకటేనని చెబుతాను. నమ్మరు. అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

వేసవి ముందు రోజులు. ఒక పోలీసు అధికారి ఫోన్ చేశారు. గగన్‌పహాడ్ దాటి లోపలికి వెళితే పాత గ్రానైట్ క్వారీ గుంత ఒకటి ఉంది. పని ఆగిపోయి నీళ్లు నిండిన గుంత. అక్కడ ట్యాంకర్‌కు నీళ్లు నింపే యువకుడు జారిన పైపును అందుకోబోయి పడిపోయాడు. పడవ మీద తిరుగుతూ గాలాలు వేసి వెతికారు, దొరకలేదు. "అడుగు బాగా లోతు. మీ దగ్గర మనుషులున్నారా?" అని అడిగారు.

ఇద్దరున్నారు. ఒకరు నా దగ్గరే నేర్చుకుని నాకు సహాయకురాలైన అమ్మాయి. మైలార్‌దేవ్‌పల్లి పిల్ల. ఒడ్డు మీద నోరు మూయదు, నీళ్లలోకి దిగితే ఎక్కువ ఊపిరి కూడా వాడదు. రెండో ఆయన విశాఖలో నా కింద పనిచేసిన డైవర్. నా కన్నా పదిహేనేళ్లు చిన్న, ఒంటి బలంలో నాకు మూడింతలు. రమ్మంటే ఆ సాయంత్రమే విమానం ఎక్కి వచ్చాడు.

మా వరండాలో కూర్చుని టీ తాగుతూ రేపటి పని మాట్లాడుకున్నాం. పోలీసులు తాడుకు రాయి కట్టి కొలిచిన లెక్క ప్రకారం అడుగు నలభై మీటర్లకు కాస్త తక్కువ. అంత లోతులో పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో, కీళ్లలో కరుగుతుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితో పాటు బయటికి పోతుంది. తొందరపడితే గోలీ సోడా కొట్టినట్టు ఒంట్లోనే పొంగుతుంది. అందుకే పైకొచ్చేటప్పుడు మధ్యలో ఆగాలి. ఎక్కడ, ఎంతసేపు అన్నది చేతికి కట్టుకున్న కంప్యూటర్ లోతునూ కాలాన్నీ చూసి లెక్కగట్టి చెబుతుంది. మేం అడుగున ఉండేది పావుగంట మించకూడదని, ఆరు మీటర్ల దగ్గర ఒకసారి, మూడు మీటర్ల దగ్గర ఇంకోసారి ఆగాలని, ఆరు మీటర్ల దగ్గర తాడుకు అదనపు సిలిండర్ వేలాడదీయాలని అనుకున్నాం.

మన ఊరు సముద్రం కన్నా దాదాపు ఆరు వందల మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి కొంచెం పలచన, కాబట్టి ఆగడం కొంచెం ఎక్కువ. అమ్మాయి కంప్యూటర్ ఆ ఎత్తును తనే పసిగడుతుంది. విశాఖ ఆయనది పాతది, చేత్తో మార్చాలి. నా ఎదుటే మార్చాడు. ఇంకొకటి కూడా చూశాను. జాగ్రత్త ఎంత ఉండాలో పెట్టుకునే చోట అమ్మాయిది గట్టిగా ఉంది, ఆయనది అన్నింటికన్నా వదులుగా ఉంది.

"మీరింకా అలాగే భయపడుతున్నారండీ గురువుగారూ," అని నవ్వాడు. "పదేళ్లుగా ఇదే సెట్టింగు. నాకేమీ కాలేదు."

"మరి ఇద్దరివి వేరేవేరే చెప్తే ఎట్ల సార్?" అంది అమ్మాయి.

"ఎవరిది ఎక్కువసేపు ఆగుమంటే ఇద్దరూ దాన్నే వినాలె. కలిసి దిగుడు, కలిసి ఎక్కుడు. ఇంకో మాట లేదు."

ఆయన తలూపాడు. తిరుగు ప్రయాణం ఎప్పుడని అడిగాను. ఇంత లోతు పోయి, ఆగి వచ్చాక కనీసం ఒక రోజు దాటేదాకా విమానం ఎక్కకూడదు. "చూసుకుంటానండి," అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు. కానీ ఆయన పసివాడేం కాదు.

పొద్దున క్వారీ దగ్గరికి చేరేసరికి యాభై మందికి పైగా ఉన్నారు. నిట్టనిలువుగా కోసిన రాతిగోడలు, కింద పచ్చటి నీళ్లు. తలల మీదుగా విమానాలు చక్రాలు దించుకుని పోతున్నాయి, వాటి చప్పుడుకు మాట వినిపించడం లేదు. పోయినవాడి తండ్రి ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. పక్క ఊళ్లో కూరగాయలు పండించే రైతు. భుజం మీద కండువా, కళ్లు నీళ్ల మీద. ఎవరితోనూ మాట్లాడటం లేదు. మాట్లాడేదంతా పోయినవాడి బామ్మర్ది. కండలు తిరిగిన మనిషి, రెండు రోజులుగా నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

నేను తండ్రి దగ్గర కూర్చుని జరగబోయేది చెప్పాను. గోడ వెంట బరువు కట్టిన లావు తాడు దించుతాం, దాన్ని పట్టుకుని ఇద్దరూ దిగుతారు. సన్న తాడు ఒకటి వెంట తీసుకుపోతారు. దొరికితే దాన్ని కట్టి మూడుసార్లు గుంజుతారు. వాళ్లు బయటికి వచ్చాకే మనం పైకి లాగాలి. ముందే లాగితే అడుగున బురద లేస్తుంది, తాడు వాళ్లకు చుట్టుకోవచ్చు. పైకొచ్చేటప్పుడు వాళ్లు మధ్యలో రెండుచోట్ల ఆగే వస్తారు, తొందరపెట్టకూడదు. ఆయన నా మొహం వంక చూసి, "మంచిది," అన్నాడు. అదొక్కటే.

నేను కూడా సిలిండర్ కట్టుకుని అంచున కూర్చున్నాను. కింద ఏదైనా అయితే దిగాల్సింది నేనే. ఆ వయసులో దిగాల్సి రాకూడదని లోపల మొక్కుకుంటున్నాను. 

ఇద్దరూ దిగారు. బుడగలు గోడ వెంట లోపలికి జరిగి, చిన్నవై, చెదిరిపోయాయి. కొంతసేపటికి నా చేతిలోని సన్న తాడు మూడుసార్లు కదిలింది.

నేను చెప్పకముందే తండ్రికి తెలిసిపోయింది. లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ల ఏడుపు ఒక్కసారిగా రాతిగోడలకు కొట్టుకుని రెండింతలై వినిపించింది. "లాగుండ్రి ఇగ!" అని బామ్మర్ది సన్న తాడు మీదికి వచ్చాడు. పోలీసాయన అడ్డం నిలబడ్డారు. "ఇద్దరు మనుషులు కింద ఉన్నరు. వాళ్లను రానియ్యి," అని నేను చెప్పాను. ఆగాడు.

బుడగలు గోడ దగ్గరికి, లావు తాడు చుట్టూ వచ్చి అక్కడే నిలిచాయి. ఆరు మీటర్ల దగ్గర ఉన్నారన్నమాట. తర్వాత ఇంకొంచెం పైకి వచ్చి మళ్లీ నిలిచాయి. అంతా అనుకున్నట్టే నడుస్తోంది. అప్పుడు విశాఖ ఆయన తల నీళ్ల పైకి వచ్చింది. ఒక్కడిదే.

"పిల్ల ఏది?" అని అరిచాను.

ఆయన నోట్లోంచి గాలిగొట్టం తీసి, "వస్తుందండి. నాది క్లియర్ అయిపోయింది. ఆ అమ్మాయి కంప్యూటర్ ఇంకా ఆగమంటోంది," అన్నాడు.

ముందు రోజు తలూపిన మనిషి. చెడ్డవాడు కాదు, పనిదొంగ అసలే కాదు. అడుగున పాత ఇనుప సామాను కింద ఇరుక్కున్న దేహాన్ని విడిపించి, తాడు కట్టింది ఆయనే. కానీ తన కంప్యూటర్ సరేనన్నాక ఇంకొకరి కంప్యూటర్ కోసం నీళ్లలో వేలాడటం ఆయనకు చాదస్తంలా అనిపించింది.

ఒడ్డు మీది జనం చూసింది మాత్రం వేరు. ఇద్దరు దిగారు, ఒకడు వచ్చాడు. ఆడపిల్ల రాలేదు. బుడగలు ఒకే చోట నుంచి కదలడం లేదు.

"పిల్ల ఇరుక్కున్నది!" అని ఎవరో అరిచారు. నేను కాదు కాదని మొత్తుకుంటుండగానే పైనుంచి విమానం ఒకటి దిగింది. దాని మోతలో నా గొంతు నాకే వినపడలేదు. అంతలో బామ్మర్ది, ఇంకో నలుగురు లావు తాడు పట్టేశారు. వాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు. రెండు రోజుల కింద ఒకణ్ణి కాపాడలేకపోయారు, ఇప్పుడు ఇంకొకరిని పోనివ్వకూడదనుకున్నారు. ఆ తాడును వాళ్లు లాగిన తీరు నాకు ఇంకా కళ్లముందే ఉంది. అదనపు సిలిండర్ నీళ్లలోంచి బయటపడి గోడకు కొట్టుకుంటూ పైకి వచ్చింది.

నేను లేవబోయాను. వీపున అంత బరువుతో మోకాలు మడతపడి అక్కడే కూలబడ్డాను. అప్పుడు ఆ తండ్రి వచ్చాడు. ఎవరినీ కొట్టలేదు, తోయలేదు. తాడును చంకకింద ఇరికించుకుని, దాని మీద తన బరువంతా వేసి నేలమీద కూర్చున్నాడు.

"ఇడువుండ్రి," అన్నాడు.

"మామా, పిల్ల సస్తది!"

"పిల్ల ఎట్ల ఆగాల్నో ఆయన పొద్దుగాల నాకు జెప్పిండు. నా కొడుకు కింద తాడుకున్నడు. వాని కోసం నేను ఆగుతలేనా? మీకేందిరా తొందర? ఇడువుండ్రి."

వదిలేశారు. ఆయనే తాడును మెల్లమెల్లగా కిందికి వదిలాడు. సిలిండర్ మళ్లీ నీళ్లలోకి దిగింది. విశాఖ ఆయన మళ్లీ మాస్క్ పెట్టుకుంటూ, "నేను దిగుతానండి," అన్నాడు. వద్దన్నాను. అప్పుడే పైకొచ్చిన మనిషి మళ్లీ దిగడం ఇంకో తప్పు. దిగాల్సి వస్తే నేనే దిగుతాను. కాళ్లకు ఫిన్లు తొడుక్కుంటూ ఆ బుడగలనే చూస్తున్నాను. వస్తూనే ఉన్నాయి. అంటే ఊపిరి ఉంది. అంతకు మించి ఏమీ తెలియడం లేదు.

తాడు పట్టుకున్న తండ్రి ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు. "గుంజింది," అన్నాడు. "ఒక్కపారి. పిల్ల గుంజింది."

ఒక్కసారి గుంజితే బాగున్నానని. ఆ సైగ నేను ఆయనకు చెప్పలేదు. ఆయన అరచేతికి మాత్రం అర్థమైంది.

అమ్మాయి తన ఆగడమంతా పూర్తి చేసుకునే వచ్చింది. పెదాలు నల్లబడ్డాయి, కుడిచేతి వేళ్ల చర్మం లేచిపోయింది. తాడు పైకి పోతుంటే కంప్యూటర్ చేతి మీద మొత్తుకోవడం మొదలుపెట్టిందట. తాడు వదిలేసి, రాయి పగులులో వేళ్లు దూర్చి అక్కడే నిలిచిపోయిందట. "ఏందో సార్, పైన అందరికి పిచ్చి లేసిందనుకున్న," అంది. తర్వాత తల తిప్పి విశాఖ ఆయన్ను చూసింది. ఏమీ అనలేదు. మామూలుగా నోరు మూయని పిల్ల.

సన్న తాడును అప్పుడు లాగారు. ఆ వివరం రాయను. అంతా అయ్యాక తండ్రి మా వైపు వచ్చాడు. కండువా తీసి అమ్మాయి తల మీద వేసి, "చలి వెట్టిందా బిడ్డా?" అని అడిగాడు. అంతసేపూ గట్టిగా ఉన్న పిల్ల అప్పుడు ఏడ్చింది.

పోలీసుల కాగితాల మీద సంతకాలు పెట్టి వచ్చేసరికి విశాఖ ఆయన లేడు. బట్టలు మార్చుకునేటప్పుడు ఎడమ భుజం రుద్దుకుంటుంటే నేను చూశాను. కీళ్ల నొప్పి ఒంట్లో గాలి పొంగుతోందనడానికి మొదటి గుర్తు. ఆక్సిజన్ పెట్టుకోమన్నాను. "కింద ఆ ఇనుము తీసేటప్పుడు పట్టేసిందండి, అంతే," అన్నాడు. నేను అటు తిరగగానే క్యాబ్ ఎక్కాడు.

"ఎయిర్‌పోర్టుకు పోయిండు సార్," అంది అమ్మాయి. "ఇయ్యాల ఆయన బిడ్డది స్కూల్ల డాన్స్ ఉన్నదట. మధ్యాహ్నం ఫ్లైట్. మీకు జెప్పొద్దన్నడు."

"మరి చెప్తున్నవ్?"

"నన్ను ఇడిసిపెట్టి పోయినోని మాట నేనెందుకు ఇనాలె?"

నా కారులో ఆక్సిజన్ సిలిండర్ ఉంది. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు ఎంతో దూరం లేదు. దారి పొడుగునా అమ్మాయి ఫోన్ చేస్తూనే ఉంది. చివరికి ఎత్తాడు. ఇంకా లోపలికి వెళ్లలేదు, బయలుదేరే గేట్ల ముందు నీళ్లు తాగుతున్నానన్నాడు.

అక్కడే దొరికాడు. చేతికి కంప్యూటర్ లేదు.

"బ్యాగులో పడేశానండి," అన్నాడు. "విమానం బొమ్మ వేసి ఎక్కొద్దు ఎక్కొద్దని చూపిస్తోంది. చూస్తుంటే చిరాకు."

"పొద్దున అదే కంప్యూటర్ క్లియర్ అంటె విన్నవ్ గద," అన్నాను.

"గురువుగారూ, విమానంలో గాలి ఒత్తిడి పెడతారు కదండీ. గంట ప్రయాణం. పాపకు మాట ఇచ్చాను."

"పెడ్తరు. కని ఇక్కడున్నంత కాదు. గుట్ట ఎక్కినట్టే ఉంటది. నీ ఒంట్ల ఉన్న గాలి ఇంకా పొంగుతది."

"నేను స్టాప్ ఎగ్గొట్టలేదండి! కంప్యూటర్ చెప్పినంతా ఆగాను."

ఆ మాట నిజమే. అందుకే ఇది మీకు చెబుతున్నాను. కంప్యూటర్‌కు లోతు తెలుసు, కాలం తెలుసు. ఆ మనిషి కింద ఇనుముతో ఎంత పెనుగులాడాడో, రాత్రి ఎంతసేపు పడుకున్నాడో, పొద్దుటి నుంచి చుక్క నీళ్లయినా తాగాడో లేదో దానికి తెలియదు. అది లెక్క చెబుతుంది, ఒంటిని చూడదు. పైగా వదులుగా లెక్క కట్టమని దానికి చెప్పింది మనమే.

నేను ఇదంతా చెప్పబోతుంటే అమ్మాయి నన్ను పక్కకు జరిపింది. ఆయన కుడిచేతిలోని నీళ్ల సీసా తీసుకుని మూత బిగించింది. దాన్ని ఆయన ఎడమచేతికి ఇచ్చింది.

"మూత తియ్యి అన్నా."

"ఏంటమ్మా ఇది?"

"తియ్యి. తీస్తే నేనే నిన్ను గేటు దాంక తోలిస్త."

ఆయన వేళ్లు మూత మీద పడ్డాయి. తిరగలేదు. వేళ్లు బిగించి ఇంకోసారి తిప్పబోయాడు. సీసా జారి కింద పడి, ట్రాలీల మధ్యకు దొర్లింది. ఓడల కింద తుప్పు పట్టిన బోల్టులు విప్పిన చెయ్యి అది. దాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని, ఎవరిదో అన్నట్టు చూశాడు.

"వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయండి," అన్నాడు చిన్నగా. "క్యాబ్‌లోనే మొదలైంది."

ఇక వాదన లేదు. కారు వెనక సీట్లో పడుకోబెట్టి ఆక్సిజన్ మాస్క్ పెట్టాం. నడపడం నేను, పట్టుకోవడం అమ్మాయి. ఒత్తిడి గది ఉన్న దవాఖాన నగరంలో ఎక్కడుందో నాకు ముందే తెలుసు, అక్కడి డాక్టరు నంబరు కూడా నా ఫోన్‌లో ఉంది. డైవ్ ప్లాన్ అంటే అది కూడా. ఎంతసేపు ఆగాలన్నదొక్కటే కాదు, తేడా వస్తే ఎటు పరుగెత్తాలన్నది కూడా. ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో నిలిచిపోయినప్పుడు ఆయన మాస్క్ పక్కకు జరిపి, "చెయ్యి వస్తుందాండీ?" అని అడిగాడు. వస్తుందన్నాను. నాకు తెలియదు. అమ్మాయి మాస్క్ మళ్లీ సర్ది, "మాట్లాడకు, పీల్చు," అంది.

ఆ దవాఖానలో ఆ గదిని ఎక్కువగా షుగర్ పుండ్లు మానని రోగులకు వాడతారు. ఇనుప పీపాను పడుకోబెట్టినట్టు ఉంటుంది, చిన్న గుండ్రటి కిటికీ ఒకటి. డాక్టరు వేళ్లు, భుజం, నడక అన్నీ చూసి, విమానం ఎక్కి ఉంటే కథ వేరుగా ఉండేదన్నారు. లోపలికి పంపి తలుపు బిగించారు. గాలి ఒత్తిడి పెంచి ఆయన్ను మళ్లీ లోతుకు దించినట్టు చేసి, గంటల తరబడి ఆక్సిజన్ ఇస్తూ కొంచెం కొంచెంగా పైకి తేవాలి. క్వారీలో కొద్ది నిమిషాలు ఆగలేని మనిషి సాయంత్రం దాకా ఆ పీపాలో ఆగాల్సి వచ్చింది.

నేను ఆయన భార్యకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. పాపకు తను నచ్చజెబుతానని, డాన్సు వీడియో పంపుతానని అంది.

రెండో విడతలో వేళ్లలోకి స్పర్శ తిరిగి వచ్చింది. భుజం నొప్పి పూర్తిగా పోవడానికి ఇంకా కొన్ని రోజులు, ఇంకా కొన్నిసార్లు ఆ గది పట్టింది. ఆ తర్వాత రైలెక్కి ఇంటికి పోయాడు. ఇప్పుడు నీళ్లలోకి దిగడం లేదు, ఒడ్డున ఉండి దిగేవాళ్లను చూసుకునే పని. అది నేను ఆయనకు ఇచ్చిన సలహా కాదు, ఆయనే తీసుకున్న నిర్ణయం.

ఆ సాయంత్రం నేను అమ్మాయిని ఇంటికి పొమ్మన్నాను. పొద్దుటి నుంచి తిండి లేదు, జుట్టు ఇంకా తడిగానే ఉంది, వేళ్లకు కట్టు. "నేనున్న కదా," అన్నాను. వినలేదు. ఒత్తిడి గది కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. లోపలివాళ్లతో మాట్లాడటానికి ఒక మైకు ఉంటుంది. చాలాసేపటి తర్వాత లోపలి నుంచి ఆయన గొంతు వచ్చింది.

"అమ్మాయ్, ఇంకా ఇక్కడే ఉన్నావా? వెళ్లిపోవాల్సింది. నాకింకా చాలా టైముంది."

ఆమె మైకు దగ్గరికి వంగింది.

"ఎంతసేపన్నా కానీ అన్నా. కలిసి ఎక్కుడని సార్ చెప్పిండు గద. నేనీడనే ఉంట."

కిటికీలోంచి చూస్తే ఆయన మొహం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు. ఎడమచెయ్యి మాత్రం అద్దం మీద ఆనించి ఉంచాడు.